లాంతరు లేని నడక

కర్నూలు రాజధాని అయిన ఏడాదే నేను కాపురానికి కర్నూలు వెళ్ళాను. రెండింట్లో ఏది పెద్ద విశేషమో మా ఊళ్ళో ఎవరూ తేల్చుకోలేకపోయారు. మాది కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి పల్లె. మా ఆయన పరాయివాడేమీ కాదు, మా మేనమామ కొడుకే. కొత్త ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం. "మా అల్లుడు గవర్నమెంటులో ఉండాడు" అని మా నాయన కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆ గవర్నమెంటు గుడారాల్లో ఉందని మాత్రం చెప్పలేదు, ఎందుకంటే ఆ సంగతి ఆయనకే తెలియదు. నేను వెళ్ళి చూస్తే మైదానం నిండా వరసగా డేరాలు, డేరాల కింద బల్లలు, బల్లల మీద కాగితాలు ఎగిరిపోకుండా గులకరాళ్ళు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కాబోలు అన్నాను. మా ఆయనకు కోపం వచ్చింది. కొత్త కాపురం కనక ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు.

నేను మొదటిసారి దిగింది సాయంత్రం. బస్సు కొండారెడ్డి బురుజు దాటి ఆగేసరికి దీపాలు పెట్టే వేళయింది. దీపాలు పెట్టే వేళ అంటే మా ఊళ్ళో రోజు అయిపోయినట్టు. లాంతరు గ్లాసు బూడిదతో తుడవడం, సంగటి తినడం, పడుకోవడం. ఇక్కడ ఆ వేళకు జనం మళ్ళీ మొహాలు కడుక్కుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని బయటికి వస్తున్నారు. నేను నెత్తిన ట్రంకుపెట్టెతో నిలబడి వీళ్ళకు నిద్ర రాదా అనుకున్నాను. నెల తిరక్కుండానే నాకూ రావడం మానేసింది.

పాతూళ్ళో ఒక సాయిబుల ఇంట్లో మాకు ఒక గది దొరికింది. రాజధాని వచ్చాక కర్నూల్లో గది దొరకడం అంటే రాజ్యం దొరికినట్టే. ఇంటామె ముసలావిడ, మంచి మనిషి. "పోయి రాండి బేటీ, నేను తలుపు గడియ పెట్టను" అనేది. ఇక మాకు అడ్డేముంది? మా ఆయన డేరా నుంచి వచ్చి మొహం కడుక్కోగానే బయలుదేరేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలూ వాళ్ళ భార్యలూ వీధి పొడవునా కనిపించేవాళ్ళు. మాటకు ముందొక "అండీ", వెనకొక "అండీ". ఎండలను తిట్టేవాళ్ళు, నీళ్ళను తిట్టేవాళ్ళు, మా ఊరి కారాన్ని తిట్టి, ముక్కు తుడుచుకుంటూ ఇంకో మిరపకాయ బజ్జీ తీసుకునేవాళ్ళు. కాఫీ హోటల్లో ఆడవాళ్ళ కోసం తెర కట్టిన గది ఒకటి ఉండేది. తెర సందులోంచి నేను లోకాన్ని చూసేదాన్ని. సోడా అంగడి ముందు గోలీలు టప్పుమనేవి. రేడియో పెట్టుకున్న అంగడి ముందు కొనేవాళ్ళకన్నా వినేవాళ్ళే ఎక్కువ. సినిమా మొదటి ఆట వదిలినప్పుడు జట్కాల గంటలు, సైకిళ్ళ గంటలు, మల్లెపూల వాసన, గుర్రాల వాసన అన్నీ కలిసిపోయేవి.

వీటన్నిటికంటే నాకు నచ్చింది ఊరికే నడవడం. కరెంటు స్తంభం దగ్గరికి వస్తుంటే మన నీడ వెనక పడేది, దాటితే ముందుకు వచ్చేది, రెండు స్తంభాల మధ్య రెండు నీడలయ్యేవి. పద్దెనిమిదేళ్ళదాన్ని, పెళ్ళయినదాన్ని, నా నీడను చూసుకుంటూ నడిచి ఒకసారి ఎదురుగా వచ్చిన పెద్దమనిషిని గుద్దుకున్నాను. ఆయన "చూసుకోవాలండీ" అన్నాడు. చూసుకుంటూనే ఉన్నానండీ, నన్నే, అనుకున్నాను.

ఉగాదికి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఇదంతా అమ్మకు చెప్పాను. అమ్మ లాంతరు గ్లాసు తుడుస్తూ వింది. హోటలు గురించి అడగలేదు, సినిమా గురించి అడగలేదు. అంతా విని ఒకే మాట అడిగింది.

"అయితే రాత్రిపూట చేతిలో లాంతరు లేకుండానే పోతారా?"

"లాంతరెందుకమ్మా? వీధి పొడుగునా దీపాలుంటాయి."

"రొండు చేతులూ ఖాళీగానా?"

"ఖాళీగానే."

అమ్మ గ్లాసు బిగించి, వత్తి సరిచేసింది. తర్వాత, "నాకూ ఒకసారి అట్ల నడవాలని ఉండాది పాపా" అంది.

మా అమ్మ నోటి నుంచి 'నాకు' అనే మాట నేను అంతకు ముందు విన్న గుర్తు లేదు. ఆమె చేతిలో లాంతరు లేని రాత్రి కూడా గుర్తు లేదు. నాయన కల్లానికి పోతే లాంతరు, కోడిజామున ఎద్దులకు మేత వేయాలంటే లాంతరు, మగవాళ్ళు అన్నానికి కూర్చుంటే లాంతరు, పక్కింట్లో పురుడొస్తే లాంతరు. పాములూ తేళ్ళూ తిరిగే దారుల్లో ఆమె లాంతరును బాగా కిందికి దించి, పక్కకు చాచి పట్టుకుని నడిచేది. వెలుగు నాయన కాళ్ళ ముందు పడేది. ఆమె మాత్రం చీకట్లో నడిచేది. నాకు ఆ మాట విన్నప్పుడు ఏడుపొచ్చింది. "ఎండాకాలం పోనీ, వచ్చేయండి" అన్నాను.

రోహిణి ఎండలకు రోళ్ళు పగిలాయి. మృగశిర కార్తె వచ్చింది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందంటారు. ఆ ఏడు కురవలేదు, మా ఎద్దులు నోరెత్తలేదు. నాయన పొలం దున్ని, విత్తనాలు బాగుచేసి, విత్తే గొర్రు సిద్ధం చేసి, ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. కూర్చున్న మనిషిని అమ్మ ఎట్లా లేపిందో తెలియదు. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ మా గది ముందు నిలబడ్డారు. నాయన భుజాన బట్టల మూట. అమ్మ చేతిలో లాంతరు.

"ఇదెందుకమ్మా తెచ్చినావు?" అని నేను నవ్వాను.

"దావలో చీకటి పడితేనో?" అంది. బస్సు బయలుదేరింది తెల్లవారి. అయినా లాంతరు లేకుండా గడప దాటడం ఆమెకు చేతకాలేదు. దాన్ని గది మూల పెట్టించాను. "సాయంత్రం దీన్ని ముట్టుకున్నావంటే చూడు" అన్నాను.

ఆ సాయంత్రం అమ్మ పట్టంచు చీర కట్టుకుంది. ఇంటామె మల్లెపూలు తెచ్చి తలలో పెట్టింది. నలుగురం బయలుదేరాం. హోటల్లో నాయన తెర గదిలోకి రానని బయట బల్ల మీద కూర్చుని కాఫీని సాసర్లో పోసుకుని తాగాడు. అమ్మ తాగింది గానీ ఆమె మనసంతా వీధి మీదే. "ఇంకా యెలగలేదే" అని తెర పక్కకు జరిపి చూసేది. బయటికి వచ్చి జట్కాలు ఆగే చోట నిలబడ్డాం. ఆ నిమిషాన వీధి పొడవునా దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

అమ్మ నడవడం మొదలుపెట్టింది. నేను పక్కనే ఉన్నాను గానీ ఆమెకు నేను లేను. కొంతదూరం పోయాక చూస్తే ఆమె కుడిచెయ్యి ఇంకా వేళ్ళు మడిచి, కిందికి దించి, కాస్త పక్కకు చాచే ఉంది. లాంతరు కడ్డీ పట్టుకున్నట్టే. "అమ్మా, చెయ్యి వదులు" అన్నాను. ఆమె చేతిని చూసుకుని సిగ్గుపడింది. వేళ్ళు విప్పింది. ఆ తర్వాత రెండు చేతులూ ఊపుకుంటూ నడిచింది, చిన్నపిల్ల మాదిరి. నేను అంత అందంగా మా అమ్మను ఎన్నడూ చూడలేదు.

అది సోడా అంగడి దాకానే. అక్కడ గాలి లేచింది. దుమ్ము, దుమ్ము వెనకే చినుకులు, చినుకుల వెనకే కుండపోత. కరెంటు పోయింది. ఊరంతా అంగళ్ళ పంచల కిందికి పరుగెత్తింది. అండీలందరూ వానను కూడా తిట్టారు. అందరూ లోపలికి వస్తుంటే ఒక్క మనిషి మాత్రం వానలోకి పోయాడు. మా నాయన.

ఆయన రోడ్డు పక్క మట్టిలో మడమతో గుంట చేశాడు. వంగి, తడి ఎంత లోతు దిగిందో వేలు దించి చూశాడు. ఇంకొంచెం ఆగి మళ్ళీ దించాడు. తిరిగి వచ్చేటప్పటికి తడిసి ముద్దయ్యాడు. మెరుపు వెలుగులో ఆ ముఖం చూశాను. ఆ ముఖంలో ఉన్న సంతోషం తలచుకుంటే ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోతాను. తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను.

"లెయ్యండి, బస్సుకు పోదాం" అన్నాడు.

"యాడికి నాయనా?"

"యాడికేంది పాపా, ఊరికి. మంచి పదును అయ్యింది. ఈడ ఇంత పడితే మనూర్లో పడకుండా ఉంటాదా? చూడు, మెరుపు మన దిక్కునే ఉండాది. పొద్దున్నే గొర్రు కట్టాల."

మా ఆయన నెమ్మదిగా చెప్పబోయాడు. "మామా, ఈడ పడింది ఈడనే పడింటాదేమో. పొద్దున నంద్యాల బస్సొస్తే వాన సంగతి అడిగి తెలుసుకుందాం."

"పొద్దున దాంకా పోతే ఊరు చేరేది ఎప్పుడు, విత్తేది ఎప్పుడు? పదును ఆగతాదా అప్పా? నీకు నెలకొకసారి జీతమొస్తాది. నాకు ఏడాదికొక వాన వస్తాది."

మా ఆయన వెనక్కి తగ్గాడు. నేను తగ్గలేదు. "అట్లయితే నువ్వు పో నాయనా. అమ్మను రెండు దినాలు పెట్టుకుని పంపిస్తాం" అన్నాను.

నాయన అమ్మ వైపు చూశాడు. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. మా ఇండ్లల్లో గొర్రు కట్టిన రోజు ఇంటి ఇల్లాలు తలకు పోసుకుని, గొర్రుకు పసుపుకుంకుమలు పెట్టి, ఒడిలో విత్తనాలు పోసుకుని పొలానికి పోవాలి. గొర్రు మీద జడ్డిగం అని చెక్కగిన్నె ఉంటుంది, విత్తనాలు అందులోంచే సాళ్ళలోకి జారతాయి. ఆ జడ్డిగంలో మొదటి పిడికెడు ఆమె చేత్తోనే పడాలి. అప్పటిదాకా ఎద్దులు కదలవు. నేను పుట్టిన ఏడు అమ్మ పురిటిలో ఉంటే నాయనమ్మ పోసిందట. ఆ ఏడు కొర్ర గింజ పట్టలేదట. ఆ నింద వానకు కాక బాలింత మీదికి వచ్చింది. నేనూ అందులో వాటాదారునే.

"నేను పోకుంటే మొదటి పిడికెడు ఎవురు పోస్తారు పాపా?" అని అమ్మ లేచింది.

"ఇంకొంచేపు ఉండమ్మా. వాన తగ్గినాక మల్లా దీపాలు వస్తాయి."

"మల్లా వస్తాం లే. కర్నూలు యాడికి పోతాది?"

మా ఆయన తడుస్తూ గదికి పరుగెత్తి బట్టల మూట తెచ్చాడు. వాళ్ళు ఆఖరి బస్సు ఎక్కారు. కిటికీలోంచి అమ్మ చెయ్యి ఊపింది. బస్సు కదిలాక కాసేపటికి వాన వెలిసింది, కరెంటు వచ్చింది. కడిగినట్టున్న వీధిలో దీపాలు కిందా పైనా కూడా వెలుగుతున్నాయి. నేను మా ఆయనకు ముందుగా నడిచి ఇంటికి వచ్చాను. గది మూల లాంతరు ఉంది.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? కోయిలకుంట్లలో దిగేసరికి వాళ్ళ కాళ్ళ కింద పొడి దుమ్ము లేచింది. అక్కడ చినుకు పడలేదు. ఆ సంగతి అమ్మ నాకు తర్వాత చెప్పింది. నాయన రోడ్డు మీద నిలబడి ఒకసారి కాలితో నేలను తట్టి చూశాడట.  ఊరికి నడక. లాంతరు లేదు. ముందు నాయన, వెనక అమ్మ, ఇద్దరూ చీకట్లో. తెల్లవారి ఊళ్ళో వాళ్ళు "ఏమప్పా, కర్నూలు వాన మూట కట్టుకొచ్చినావా?" అని అడిగారు. కొన్నేళ్ళపాటు మా నాయనను అట్లాగే అడిగారు. ఆ పక్షం వాన రాలేదు. వచ్చేసరికి అదను దాటింది.

నేను పురిటికి పోయినప్పుడు అమ్మ ఈ కథ చెప్పి, "రాత్రిపూట చేతిలో లాంతరు లేకుండా నడవాలంటి గదా. నడిచినా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పక్క గదిలో నాయన దగ్గాడు. అన్నీ విన్నాడన్నమాట.

మళ్ళీ వస్తామన్నవాళ్ళు రాలేకపోయారు. ఒక ఏడు పంట లేదు. మరుసటి ఏడు నా పురుడు, పసిపిల్ల. ఆ తర్వాత ఎద్దు చచ్చిపోయింది. పల్లెల్లో రాకపోవడానికి ఒక కారణమంటూ వెతకనక్కర్లేదు, అవే వరసలో నిలబడి ఉంటాయి. నేనూ తొందరపెట్టలేదు. కర్నూలు ఎక్కడికి పోతుందని నాకూ నమ్మకమే.

కర్నూలు పోయింది. రాజధాని హైదరాబాదుకు మారుతుందన్నారు, చూస్తుండగానే మారింది. లారీలు వచ్చి బల్లలు, బీరువాలు, కాగితాల కట్టలు ఎక్కించుకుపోయాయి. అండీలందరూ అదే ఎండలను తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. మమ్మల్నీ రమ్మని ఉత్తర్వు వచ్చింది. చంటిపిల్లతో సామాను సర్దుకోలేక అమ్మకు కబురు పెట్టాను. ఆ ఏడు వెనకవానలకు వేసే హింగారి జొన్న విత్తడం అయిపోయింది. అమ్మను బస్సు ఎక్కించింది నాయనే. తను రాలేదు. "నువ్వు పోయి నిదానంగా చూసి రా. ఈసారి వాన పడినా రావద్దు" అన్నాడట. ఎన్నడూ క్షమించమని అడగని మనిషి. అంతకన్నా ఆయనకు చేతకాదు.

తర్వాత హైదరాబాదులో కర్నూలుకు పదింతలు దీపాలు చూశాను. ఎన్నిసార్లు రమ్మన్నా అమ్మ రాలేదు. "కర్నూలు చూసినా గదా, చాల్లే" అనేది. రాకుండానే పోయింది. నాకు కడుపు మండేది ఆ మాటకే, ఎందుకంటే ఆమె చూసిన కర్నూలు ఏమిటో నాకు తెలుసు.

కర్నూల్లో సామాన్లు కట్టిన ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ ఆ పట్టంచు చీరే కట్టుకుంది. పిల్లను ఇంటామె ఎత్తుకుంది. "ఇప్పుడు యాడా ఏమీ లేదమ్మా" అన్నాను. "ఉండిన చోటన్నా ఉంటాది గదా, చూపించు" అంది. వీధిలో అక్కడొక దీపం, ఇక్కడొక దీపం మునిసిపాలిటీవి వెలుగుతున్నాయి. అంగళ్ళు సగం మూసి ఉన్నాయి. కాఫీ హోటలు తలుపులకు అడ్డంగా చెక్కలు కొట్టారు. డేరాలుండిన మైదానానికి వచ్చేసరికి ఆ దీపాలు కూడా లేవు. నేల నిండా గుంజలు పీకిన గుంతలు. ఇట్లా ఉంటుందని తెలిసే నేను లాంతరు తెచ్చాను, ఇన్నేళ్ళూ మా గది మూల ఉండిపోయిన అమ్మ లాంతరే. వెలిగించాను. అమ్మ అలవాటు కొద్దీ చెయ్యి చాచి తీసుకుంది. కిందికి దించి, నా కాళ్ళ ముందు గుంతలు కనపడేటట్టు పక్కకు పట్టుకుంది.

"చెప్పు పాపా. యాడ ఏముండె?"

"ఇదో, ఈడ మీ అల్లుడి డేరా."

అమ్మ ఆగింది. లాంతరు పైకి ఎత్తింది. జన్మంతా కాళ్ళ దగ్గర పట్టుకున్న లాంతరు, తల కంటే ఎత్తున, చెయ్యి సాగినంత మేరకు ఎత్తింది. అక్కడ ఏమీ లేదు. అయినా తీరిగ్గా చూసింది.

"తర్వాత?"

"ఈ పక్క బజ్జీల బండి. ఆ మూల పూలామె కూర్చునేది."

మళ్ళీ ఎత్తింది. ఆమె వదల్లేదు.

"దీపాలు యాడి నుంచి యాడి దాంకా ఉండె?"

నేను చెయ్యి చూపించాను. అమ్మ లాంతరు ఎత్తి పట్టుకుని ఆ వైపు నడిచింది.